కూరగాయల్లో పురుగుమందు – ప్రయోగశాల ఏం చెబుతుంది, ఏం చెప్పదు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఇన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేశారు గదా, కూరగాయల్లో మందుల సంగతి మనవాళ్లకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఒప్పుకోవడానికి కారణముంది. మన సభ్యులలో మండీలో కమీషన్ వ్యాపారం చేసేవారున్నారు, తోపుడుబండి మీద కూరగాయలమ్మి సంసారం ఈదేవారున్నారు, సాయంత్రం ఆ బండి దగ్గర బేరమాడి కొనేవారూ ఉన్నారు. ఈ సంగతి ముగ్గురిదీ. ఈ మధ్య సెల్‌ఫోనులలో బొమ్మలు తిరుగుతున్నాయి, ఫలానా కూర తింటే ఫలానా జబ్బని. అవి చూసి కొందరు తల్లులు పిల్లలకు ఆకుకూర పెట్టడం మానేశారని విన్నాను. ఒక బండి కుర్రవాడు నాతో అన్నాడు: "చాచా, మందు కొట్టింది నేనా? తెల్లవారుజామున మండీలో కొన్నాను, పొద్దున అమ్ముతున్నాను. తిట్లు మాత్రం నాకు." వాడి మాటలో న్యాయముంది. దానికి చివర్లో వస్తాను.

ముందు పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. అది తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం భయం ఉండవలసిందే.

మీరు ఒక టమాటా పట్టుకెళ్లి "ఇందులో విషముందా చూడండి" అంటే ప్రయోగశాలవారు తీసుకోరు. ఒక్క కాయ ఆ గంపకు సాక్ష్యం కాదు. మందు కొట్టేటప్పుడు పై కొమ్మల కాయ మీద ఎక్కువ పడుతుంది, ఆకుల చాటునున్న దాని మీద తక్కువ పడుతుంది. అంచేత గంపలో పైనుంచి, అడుగునుంచి, పక్కలనుంచి ఏరాలి. టమాటా, వంకాయ వంటివైతే కనీసం కిలో, పది కాయలకు తగ్గకూడదు. క్యాబేజీ వంటి పెద్దవైతే కనీసం రెండు కిలోలు, అయిదు గడ్డలు. తీసిన సరుకును కడగకూడదు. చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. "మేము కడుక్కునే తింటాం గదా, మీరు కడగకుండా చూస్తే ఎలా?" అంటారు. చట్టంలో రాసిన పరిమితి బజారుకు వచ్చిన సరుకుకు, మీ కంచంలోకి వచ్చిన కూరకు కాదు. కనుక మట్టి దులుపుతారు, తొడిమ తీస్తారు, కుళ్లిన ఆకు తీసేస్తారు. అంతే. చల్లగా ఉంచి, చీటీ అంటించి, ముద్ర వేసి పంపుతారు. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అన్నది లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా ఆ ఫలితం కోర్టులో నిలవదు.

తరువాత దానిని మిక్సీలో వేసి మెత్తగా రుబ్బుతారు. మన ఇంట్లో పచ్చడికి రుబ్బినట్లే. అందులోంచి పదిహేను గ్రాముల ముద్ద ఒక గొట్టంలో తీసుకుంటారు, కొన్ని చోట్ల పదే గ్రాములు. అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి గట్టిగా కుదుపుతారు. ముద్దలోని మందు ద్రావకంలోకి వచ్చేస్తుంది. కాని నీరు కూడా ఉంటుంది గదా? అందుకని నీరు లేని మెగ్నీషియం సల్ఫేటు, ఉప్పు వేస్తారు. ఆ లవణం నీళ్లను పీల్చుకునేటప్పుడు గొట్టం చేతికి వేడిగా తగులుతుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఉలిక్కిపడతారు. తరువాత గిర్రున తిప్పే యంత్రంలో పెడితే ద్రావకం పైకి తేలుతుంది. దానిని మళ్లీ శుభ్రం చేయాలి. పాలకూర, కొత్తిమీర, పుదీనా అయితే ఆ పచ్చరంగు పోగొట్టడానికి ఒక రకం బొగ్గుపొడి వాడతారు. ఈ పద్ధతిని అనస్తాసియాడెస్, లెహోటే అనే శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ 2003లో ప్రకటించారు. పేరు క్వెచర్స్. త్వరగా, తేలికగా, చవకగా, ఫలితమిచ్చేలా, దిట్టంగా, క్షేమంగా అనే ఆరు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి కట్టిన పేరది. అంతకుముందు పద్ధతుల్లో ద్రావకాలు సీసాలకు సీసాలు ఖర్చయ్యేవి, రోజంతా పట్టేది.

ఆ శుభ్రమైన చుక్కను యంత్రంలోకి ఎక్కిస్తారు. యంత్రం చేసే పనికి మూలం చాలా పాతది. మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1900 తరువాతి తొలి సంవత్సరాలలో ఒక గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, ఆకురసం పోశాడు. రసం కిందికి దిగుతూ దిగుతూ ఆకుపచ్చ ఒక పట్టీగా, పసుపు ఒక పట్టీగా విడిపోయింది. అదే క్రొమటోగ్రఫీ. ఈనాటి యంత్రంలో సుద్ద గొట్టానికి బదులు వెంట్రుకలాంటి సన్నని పొడవాటి గొట్టం ఉంటుంది. మందులన్నీ ఒకేసారి బయలుదేరినా, ఒక్కొక్కటి ఒక్కొక్క నిమిషానికి చివరకు చేరుతుంది. ఊరి బయట నుంచి పదిమంది నడిచి వస్తే ఎవరి నడకను బట్టి వాళ్లు చేరినట్లు. చేరిన ప్రతిదాన్నీ ముక్కలు చేసి తూచి, ఇది క్లోరోపైరిఫాస్, ఇది ప్రొఫెనోఫాస్ అని పోల్చుకుంటారు. ఆవిరి అయ్యేవాటికి ఒక యంత్రం, ఆవిరి కానివాటికి ద్రవంతో నడిచే మరో యంత్రం. మంచి ప్రయోగశాలలో ఈ రెండూ ఉండాలి.

ఎంత చిన్న మోతాదు పట్టుకుంటుందో కూడా వినండి. చట్టంలో ఫలానా పంటకు ఫలానా మందుకు ఇంత అని విడిగా రాయని చోట కిలోకు 0.01 మిల్లీగ్రాము అన్నది సాధారణ పరిమితి. అంటే వంద టన్నుల కూరగాయల్లో ఒక్క గ్రాము. పది టన్నుల లారీలు పది వరుసగా నిలబెట్టి, వాటన్నిటిలో కలిపి ఒక చిటికెడు. దానిని ఈ యంత్రం పట్టుకుంటుంది. అందుచేతనే "మందు కనపడింది" అన్న మాట వినగానే కంగారుపడకండి. కనపడటం వేరు, పరిమితి దాటటం వేరు.

కేంద్ర ప్రభుత్వం 2005-06 నుంచి దేశమంతటా మందుల అవశేషాలను పరిశీలించే పథకం నడిపింది. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రయోగశాల కూడా అందులో ఉంది. 2014-15లో 20,618 నమూనాలు చూశారు. కూరగాయలు, పళ్లు, మసాలా దినుసులు, పాలు అన్నీ కలిపి. అందులో 18.7 శాతం వాటిలో ఏదో ఒక మందు కనపడింది. పరిమితి దాటినవి 2.6 శాతం. ఇంతవరకు చదివి పత్రికవాళ్లు కొందరు "భయం లేదు" అని రాశారు. కాని అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: 12.5 శాతం నమూనాల్లో అనుమతి లేని మందులు కనపడ్డాయి. అంటే ఆ పంట మీద కొట్టవచ్చునని చట్టం చెప్పని మందు. నన్నడిగితే ఈ మూడు అంకెల్లో మనం చూడవలసింది ఈ చివరిదే. దుకాణంలో పత్తి కోసం ఇచ్చిన డబ్బా బెండతోటలోకి ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న.

దానికి జవాబు తోటకు వెళ్తే తెలుస్తుంది. ప్రతి మందు డబ్బా మీద కొట్టిన తరువాత ఇన్ని రోజులు ఆగి కోయాలని రాసి ఉంటుంది. వంగకు కొమ్మ, కాయ తొలిచే పురుగు పడుతుంది. బెండకూ కాయ తొలిచే పురుగే. పుచ్చు కనపడితే మండీలో ధర సగానికి పడుతుంది, ఒక్కోసారి గంపే తీసుకోరు. బెండకాయ రెండు రోజులకొకసారి కోయకపోతే ముదిరి నార పడుతుంది. మరి డబ్బా ఏడు రోజులు ఆగమంటుంది! ఏడు రోజులు ఆగితే మూడు కోతలు నేలపాలు. కౌలు రైతు ఏం చేస్తాడు? నిన్న కొట్టి ఇవాళ కోస్తాడు. కొనేవాళ్లం మనం కూడా పుచ్చు లేని, నిగనిగలాడే వంకాయే కావాలంటాం. పుచ్చు వంకాయ చూపించి బండివాణ్ణి చీవాట్లు పెట్టని ఇల్లాలు నాకు తారసపడలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే న్యాయం కాదు. కూరలో ఉండే మందు మనకు మిల్లీగ్రాములో వందో వంతుల లెక్క. వీపున పంపు కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కొట్టే కూలీకి అది ఒంటి మీద కారే లెక్క. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అతి తీవ్రమైన విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మనలో పల్లెల నుంచి వచ్చిన బంధువులున్నవారు ఈ నాలుగు రంగుల సంగతి వాళ్లకు చెప్పండి.

ఇక పరిమితి అంటే ఏమిటి? జంతువులపై పరీక్షించి, ఏ హానీ కనపడని మోతాదు కనుగొని, సాధారణంగా దానిలో వందో వంతు మనిషి రోజూ జీవితాంతం తీసుకోవచ్చునని నిర్ణయిస్తారు. మాటవరసకు క్లోరోపైరిఫాస్ తీసుకోండి. అంతర్జాతీయ నిపుణుల సంఘం శరీరం బరువులో కిలోకు రోజుకు 0.01 మిల్లీగ్రాము దాకా అంది. అరవై కిలోల పెద్దమనిషికి 0.6 మిల్లీగ్రాము, పదిహేను కిలోల పిల్లవాడికి 0.15 మాత్రమే. కిలోకు అర మిల్లీగ్రాము ఉన్న కూర వంద గ్రాములు తింటే ఇద్దరికీ వెళ్లేది 0.05. పెద్దవాడికి అది పన్నెండో వంతు, పిల్లవాడికి మూడో వంతు. కంచం ఒకటే, లెక్క వేరు. అందుకే ఈ విషయం పిల్లల తల్లులది అంటాను. పైగా ఈ లెక్కలు రాతి మీద చెక్కినవి కావు. ఐరోపా నిపుణులు 2019లో క్లోరోపైరిఫాస్‌కు సురక్షితమైన మోతాదు చెప్పలేమన్నారు, 2020లో అక్కడ దాని అనుమతి తీసేశారు. మన దేశంలోనూ డి.డి.టి.ని 1989లో పొలాల నుంచి తప్పించారు, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు, మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టరాదని 2005లో అన్నారు, ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపించింది. ఫోరేటు, ట్రయజోఫాస్ 2020 డిసెంబరు ఆఖరుతో పోయాయి. నిన్న మంచిదన్నది ఇవాళ కాదంటారు. ఆ మార్పు వెనక ఇలాంటి పరీక్షలే ఉంటాయి.

పరదేశాలకు వెళ్లే సరుకు సంగతి మన గల్ఫ్ కుటుంబాలకు తెలుసు. 2014 మే నెలాఖరులో సౌదీ ప్రభుత్వం మన దేశపు పచ్చిమిర్చిని మందు అవశేషాల కారణంగా ఆపివేసింది. అదే నెల మొదట్లో ఐరోపా మామిడిని, వంకాయను, కాకరను ఆపింది గాని, అది మందు గురించి కాదు, పండు ఈగ గురించి. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. ఎండుమిర్చికి ఇంకో చిక్కుంది. నాలుగైదు కిలోల పండుమిర్చి ఎండితే ఒక కిలో అవుతుంది. నీరు పోతుంది, మందు అంతగా పోదు. కనుక కిలోకు లెక్క వేస్తే పెరుగుతుంది. గుంటూరులో స్పైసెస్ బోర్డు వారి ప్రయోగశాల ఉన్నది ఊరికే కాదు.

ఇప్పుడు ప్రయోగశాల చెప్పనివి. మొదటిది, యంత్రం వెతికినదాన్నే కనుక్కుంటుంది. నివేదికలో "కనపడలేదు" అని ఉంటే, వెతికిన జాబితాలోవి కనపడలేదని అర్థం. మన టమాటా, బంగాళాదుంప తోటల్లో బూజుతెగుళ్లకు విస్తారంగా కొట్టే మాంకోజెబ్‌ను నేను చెప్పిన పద్ధతి పట్టుకోలేదు. దానికి వేరే పరీక్ష చేయాలి. కలుపు మందు గ్లైఫోసేటుకూ అంతే. రెండోది, "కొలవగలిగిన మోతాదుకన్న తక్కువ" అంటే సున్నా అని కాదు. మూడోది, బజారులో దొరికే చవక చీటీలు కొన్నింటితో ఇంట్లోనే చూడవచ్చునంటారు. అవి పురుగు నరాల మీద పనిచేసే రెండు జాతుల మందులనే పట్టుకుంటాయి. రంగు మారలేదు గదా అని మిగతావి లేవనుకోకూడదు. కనుక ఎవరైనా "ల్యాబ్ పరీక్ష చేయించిన కూరగాయలు" అని బోర్డు పెట్టి ఎక్కువ ధరకు అమ్మితే అడగండి: ఏ ప్రయోగశాల? ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఉందా, ఈ పరీక్షకే ఉందా? ఎన్ని మందులు వెతికారు? ఎప్పటి గంప? కిందటి నెల గంప నివేదిక ఇవాళ్టి గంపకు చెల్లదు.

ఆడవాళ్లు నన్ను తప్పక అడిగే ప్రశ్న కడిగితే పోతుందా అని. పైన అంటుకున్నది చాలావరకు పోతుంది. లోపలికి ఇంకినది పోదు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఆపిల్ పళ్ల మీద చూశారు. లీటరు నీటికి పది గ్రాముల వంటసోడా కలిపి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే పైనున్న రెండు మందులూ పోయాయి. కాని ఒక మందులో అయిదోవంతు అప్పటికే తొక్కలోకి, కండలోకి దిగిపోయింది. దానిని సోడా తీయలేదు. మన బెండకాయకూ కొత్తిమీరకూ అదే లెక్క సరిపోతుందని నేను చెప్పను గాని, ఖర్చు లేని పని, చేయండి. నానిన తరువాత ధారగా పడే నీళ్లలో మళ్లీ కడగాలి. క్యాబేజీ పై ఆకులు రెండు మూడు తీసేయండి. తొక్క తీయగలిగినవి తీయండి. సబ్బు, బట్టల పొడి మాత్రం వద్దు. అది ఇంకో మందు. ఉడికిస్తే కొన్ని తగ్గుతాయి, అన్నీ తగ్గవు. బిర్యానీ మీద చల్లే పుదీనా, కొత్తిమీర, రంజాన్‌లో కట్టలకు కట్టలు తెస్తాం గదా, అవి పచ్చిగా తినేవి. వాటి దగ్గర కాస్త ఎక్కువ ఓపిక పట్టండి. భయపడి కూరలు మానడం మటుకు తెలివి కాదు. మానిన కూర చేసే నష్టం ముందే తెలిసినది.

బండి కుర్రవాడి మాటకు వస్తాను. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006 రైతుకు, పొలం పనికి వర్తించదు. మండీ నుంచి మొదలవుతుంది. అంటే పరిమితి దాటితే పట్టుబడేది అమ్మేవాడు. మందు కొట్టినవాడు చట్టానికి అందడు, మందమ్మిన దుకాణదారు ఈ చట్టం కిందికి రాడు, వాడు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాడు. నా ఉద్దేశంలో ఇది చట్టంలోని వంకరే. దాన్ని సరిచేసేదాకా మన వ్యాపారస్తులు చేయగలిగింది ఒకటుంది. ఏ రోజు ఏ కమీషన్‌దారు దగ్గర ఏ ఊరి సరుకు కొన్నారో తక్‌పట్టీ దాచిపెట్టండి. నోటిమాట బేరం చేయకండి. కాగితం ఉంటే వెనక్కి వెళ్లి ఏ తోటో కనుక్కోవచ్చు. లేకపోతే కథ మీ బండి దగ్గరే ఆగిపోతుంది.

కొనేవారికి కూడా ఆ చట్టం 40వ సెక్షనులో ఒక హక్కు ఇచ్చింది. మామూలు కొనుగోలుదారు సైతం రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుచేత సరుకును పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే అమ్మేవాడికి "నేను దీనిని పరీక్షకు పంపుతాను" అని చెప్పాలి. సరుకు నిబంధనకు విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. ఒక్క కుటుంబం ఈ ఖర్చు పెట్టలేదు. సంఘం తరఫున ఏడాదికి రెండు మూడుసార్లు, ఎక్కువగా వాడే నాలుగు కూరలు, మండీ నుంచే పద్ధతి ప్రకారం తీయించి పంపవచ్చు. కార్యవర్గం ఆలోచించాలి. ఫలితం వస్తే బండివాడి పేరు కాదు, వచ్చిన ఊరు, మందు పేరు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ ఊరి రైతులతోనే మాట్లాడాలి. మందు లేకుండా పండించడం కుదరదని ఎవరైనా అంటే ఖమ్మం జిల్లా పునుకుల సంగతి చెప్పండి. పత్తికి మందులు కొట్టి అప్పుల పాలైన ఆ ఊరు, వేపకషాయాలూ ఎర పంటలూ పట్టుకుని, 2004 నాటికి మందు వాడని ఊరుగా ప్రకటించుకుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

ఇక ఒక్క సంగతి. 1958లో కేరళలో పారథియాన్ అనే మందు గోధుమపిండిలో కలిసి వందమందికి పైగా చనిపోయారు. పురుగుమందుల చట్టం రావడానికి ఆ దుర్ఘటనే కారణం. తరువాత 55 ఏళ్లకు, 2013 జూలై 16న, బీహారు సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసిపిల్లలు పోయారు. ప్రయోగశాల వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పట్టుకుంది. ఈ రెండు చోట్లా మందు తోట నుంచి రాలేదు. సరుకు పక్కన పెట్టిన మందు నుంచి, వంటింట్లోకి చేరిన మందు నుంచి వచ్చింది. మన ఇళ్లలో మేకల గుడిసె దగ్గర, మిద్దె మీద, నీళ్లకో కిరసనాయిలుకో పనికొస్తుందని దాచిన మందు డబ్బా ఉందేమో ఇవాళ ఇంటికి వెళ్లగానే చూడండి. ఎన్నిసార్లు కడిగినా అది వంటింటి సామాను కాదు. కన్నం పొడిచి, పిల్లలకు అందకుండా పారవేయించండి. నూనె డబ్బా పక్కన మాత్రం ఒక్క పూట కూడా ఉంచవద్దు.

మీకేమైనా అనుమానాలుంటే అడగండి, తెలిసినంతవరకు చెబుతాను.